రాజధానులు మారినవి, మాట నిలువలేదు

ఆంధ్రదేశములో రాజధానిని గూర్చిన వివాదము రాష్ట్రముకంటె వయసున పెద్దది. 1953 అక్టోబరు 1న రాష్ట్రమవతరించుటకు దాదాపు పదునారేండ్లకు పూర్వమే, రాజధాని ఎచ్చట నుండవలెను, ఉన్నత న్యాయస్థానమెచ్చట నుండవలెను అను ప్రశ్నలకు పెద్దలు కూర్చుండి సమాధానము వ్రాసికొనిరి. ఆ సమాధానమును నమ్మియే రాయలసీమ నాయకులు ఆంధ్రరాష్ట్రోద్యమములోనికి మనఃపూర్వకముగా వచ్చిరి. అది అమలుజరిగినది మూడేండ్లు మాత్రమే. ఆ తరువాతి డెబ్బది యేండ్లలో కర్నూలు పోయి హైదరాబాదు వచ్చినది. హైదరాబాదు పోయి అమరావతి వచ్చినది. నడుమ మూడు రాజధానుల శాసనమొకటి చేయబడి ఉపసంహరింపబడినది. ఇంతటి అస్థిరత్వమునకు హేతువు ప్రాంతముల నడుమనున్న స్పర్ధయేయని చెప్పుట పరిపాటియైనది. స్పర్ధ లేని రాష్ట్రము భారతదేశములో ఎచ్చటను లేదు. మన దురవస్థకు మూలము వేరొకచోట నున్నదని నా దృఢాభిప్రాయము: రాజధానిని గూర్చి ప్రజలకిచ్చిన ప్రతిమాటను మనము శాసనబంధము లేని పత్రములపైననే వ్రాసితిమి, తరువాత వచ్చిన సంఖ్యాబలము దానిని తుడిచివేయుటకు ప్రతిసారియు వీలు కల్పించితిమి.

పెద్దలు వ్రాసికొనిన ఆ సమాధానమే శ్రీబాగ్ ఒడంబడిక. దానిని అర్థము చేసికొనుటకు దానికి ముందున్న అనుమానములను తెలిసికొనవలెను. 1800 సంవత్సరమున నిజాము ఈస్టిండియా కంపెనీకి ఒప్పగించిన జిల్లాలు బహుకాలము దత్తమండలములను పేరుతోనే వ్యవహరింపబడినవి. 1928లో నంద్యాల సభలలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమయను పేరు సూచించువరకు ఆ ప్రాంతమునకు అభిమానముతో చెప్పుకొనదగిన నామము కూడ లేకుండెను. పంతొమ్మిదవ శతాబ్ది మధ్యమున గోదావరిపైనను కృష్ణపైనను ఆనకట్టలు వెలసిన పిమ్మట కోస్తాజిల్లాలలో వ్యవసాయము, వాణిజ్యము, విద్య త్వరితగతిని వృద్ధిచెందగా, క్షామములకు నెలవైన సీమ అన్నింట వెనుకబడెను. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగిననాటినుండియు ప్రత్యేకరాష్ట్రమును గూర్చి కోస్తా నాయకులు ఎంత ఉత్సాహముతో ప్రసంగించిరో, సీమ నాయకులంత సంకోచముతో వినిరి. మదరాసు పెత్తనము తొలగి బెజవాడ పెత్తనము నెత్తికెక్కునేమోయన్నదే వారి శంక. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినపుడు ఆ శంక బలపడినది. పరిషత్తు కేంద్రస్థానము తమకు కావలెనని బెజవాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణము, అనంతపురము పోటీపడినవి; బెజవాడలో ఆరంభమైన సంస్థ 1930లో వాల్తేరునకు తరలినది; అనంతపురమునకు దక్కినది శూన్యము. ఒక విద్యాసంస్థ విషయమున జరిగినదే రేపు రాజధాని విషయమునను జరుగునని సీమవారు తలపోయుటలో దోషము లేదు.

ఇట్టి వాతావరణములో 1937 నవంబరు 16వ తేదీన, మదరాసులో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావుగారి గృహమైన శ్రీబాగ్‌లో ఉభయప్రాంతముల కాంగ్రెసు పెద్దలు సమావేశమైరి. కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభిసీతారామయ్య ప్రభృతులు కోస్తా పక్షమునను, కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు ప్రభృతులు సీమ పక్షమునను కూర్చుండి కుదుర్చుకొనిన ఆ పత్రము పరిమాణమున చిన్నది, భావమున పెద్దది. విశ్వవిద్యాలయమునకు వాల్తేరున ఒకటి, అనంతపురమున ఒకటిగా రెండు కేంద్రములుండవలెను. రాయలసీమయు నెల్లూరును కోస్తాజిల్లాల స్థితికి వచ్చువరకు, పదియేండ్లో అంతకు మించియో, తుంగభద్రా కృష్ణా పెన్నా జలముల వినియోగములో వానికే ప్రాధాన్యమీయవలెను. రాజధానియు హైకోర్టును ఒకేచోట నుండరాదు. ఒకటి కోస్తాలోను రెండవది సీమలోను ఉండవలెను. ఏది కావలెనో కోరుకొను హక్కు సీమది. ఈ షరతులను ఉభయుల సమ్మతితో మార్చుకొనవచ్చును.

ఈ పత్రకర్తల దూరదృష్టికి నేను నమస్కరించుచున్నాను. రాజధానియను మాటను వారు భవనముల దృష్టితో చూడలేదు; నీటిపంపకముతోను విద్యాసంస్థలతోను ముడివేసి, అధికారమును పంచుట, నీటిని పంచుట, విద్యను పంచుట ఏకధర్మమునకు చెందిన మూడు శాఖలని గ్రహించిరి. పాలనాసంస్థలను వేరువేరు పట్టణములలో నుంచవలెనను ఆలోచన ఇటీవలి కమిటీల కల్పనయని తలచువారు ఈ 1937నాటి పత్రమును ఒకసారి చదువుకొనవలెను. అయితే ఆ పెద్దల పనిలో ఒక కొరత లేకపోలేదు. అది ఒక రాజకీయ పక్షములోని నాయకుల నడుమ కుదిరిన ఒడంబడిక; ఏ శాసనసభయు దానిని ఆమోదింపలేదు, ఏ చట్టములోను అది చేరలేదు. పరస్పర సమ్మతితోనే మార్చవలెనను షరతు అందులో నుండెను గాని, ఆ సమ్మతిని ఎవరు, ఏ విధముగా తెలుపవలెనో చెప్పు నిబంధన ఎచ్చటను లేదు.

ఆంధ్రరాష్ట్రము సన్నిహితమగుకొలది రాజధాని ప్రశ్నకు మదరాసు అడ్డువచ్చినది. తరతరములుగా తెలుగువారు వర్తకము చేసి, పత్రికలు నడపి, పాఠశాలలు స్థాపించిన నగరము తమది కాదనుట ఆంధ్రులకు దుస్సహమయ్యెను. మదరాసు మనదేయను నినాదము ఊరూర మారుమ్రోగెను. కాని నెహ్రూ, పటేలు, పట్టాభి సభ్యులుగా నున్న జె.వి.పి. కమిటీ 1949లోనే మదరాసుపై హక్కును వదలుకొన్నచో ఆంధ్రరాష్ట్రమునకు మార్గము సుగమమగునని తేల్చిచెప్పినది. దానిని ప్రకాశం పంతులుగారు అంగీకరింపలేదు. ఆ వివాదములోనే మూడేండ్లు గడచినవి. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ఏబదియెనిమిది దినముల నిరశన తరువాత అమరులగుట, నాలుగు దినములకు ప్రధాని నెహ్రూ మదరాసు నగరమును మినహాయించి ఆంధ్రరాష్ట్రమును ప్రకటించుట మనకు తెలిసినదే. విభజన వివరములను పరిశీలించిన జస్టిస్ వాంచూ కొత్త ప్రభుత్వము తాత్కాలికముగ మదరాసునుండియే పనిచేయవచ్చునని సూచింపగా, మదరాసు ముఖ్యమంత్రి రాజాజీ ఆ సూచనను తీవ్రముగ నిరాకరించిరి. ఆంధ్ర రాజధాని ఆంధ్రభూభాగములోనే ఉండవలెనని కేంద్రము నిశ్చయించి, స్థలమును ఎన్నుకొను భారమును ఆంధ్రశాసనసభ్యులపై పెట్టెను. పదునొకండు జిల్లాల రాష్ట్రము అక్టోబరులో పుట్టవలసియున్నది. దానికి తల దాచుకొను ఊరు వేసవి వచ్చినను నిర్ణయము కాలేదు.

1953 వేసవిలో జరిగిన ఆ నిర్ణయము మన రాజకీయచరిత్రలో మిక్కిలి పాఠము నేర్పదగిన ఘట్టము. 1952 ఎన్నికలలో ఆంధ్రజిల్లాలలో కాంగ్రెసునకు సంపూర్ణాధిక్యము రాలేదు. కమ్యూనిస్టులు దానికి ఇంచుమించు సమానబలముతో నిలిచిరి. కిసాను మజ్దూరు ప్రజాపక్షము, కృషికార్ లోక్ పక్షము మిగిలిన స్థానములను పంచుకొనినవి. కృష్ణా గుంటూరు జిల్లాలు కమ్యూనిస్టుల బలమునకు పట్టుగొమ్మలు. విజయవాడ గుంటూరుల నడుమ రాజధాని ఉండవలెనని వారు వాదించిరి. రైలుమార్గములు కూడు స్థలము, రాష్ట్రమునకు నడిబొడ్డు, వర్తకమునకు కేంద్రము అను వారి యుక్తులు బలమైనవే. అవే యుక్తులు అరువదియేండ్ల తరువాత వేరొక పక్షమువారి నోట వినబడినవి. కాంగ్రెసువారికి ఆ ప్రదేశము తమ ప్రత్యర్థుల కోటవలె తోచెను. రాయలసీమ సభ్యులు శ్రీబాగ్ పత్రమును ముందుంచి, కోరుకొను హక్కు తమదైనపుడు తాము రాజధానిని కోరుకొనుచున్నామని పట్టుపట్టిరి. నీలం సంజీవరెడ్డిగారు ఆ పక్షమునకు బలముగ నిలిచిరి. తిరుపతి, విశాఖపట్టణముల పేర్లును వినవచ్చినవి. తుదకు కోస్తాజిల్లాలలో పుట్టి పెరిగిన ప్రకాశం పంతులుగారే కర్నూలునకు అనుకూలముగ మాటలాడి, స్వల్పాధిక్యముతో దానిని నెగ్గించిరి.

ఫలితము న్యాయమైనది, పద్ధతి బలహీనమైనది. శ్రీబాగ్ పత్రము మేరకు సీమకు రాజధాని వచ్చినది సత్యమే. కాని అది వాగ్దాన పాలనముగా గాక, ఓట్ల లెక్కలో లభించిన విజయముగా వచ్చినది. వాగ్దానముగా వచ్చినది నిలుచును. ఓట్లతో వచ్చినది ఓట్లతోనే పోవును. కర్నూలు పక్షమున ఓటువేసినవారిలో, తెలంగాణముతో కూడిన విశాలాంధ్ర ఏర్పడి హైదరాబాదు లభించువరకు ఇది తాత్కాలిక నివాసమేయని భావించినవారు కొందరు కలరు. ఆ తాత్కాలికభావము కర్నూలునకు జన్మముతోడనే అంటిన దోషము.

అక్టోబరు 1వ తేదీన నెహ్రూ కర్నూలులో రాష్ట్రమును ప్రారంభించిరి. త్రివేదిగారు గవర్నరుగాను, ప్రకాశముగారు ముఖ్యమంత్రిగాను, సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రిగాను ప్రమాణము చేసిరి. తుంగభద్రాతీరమందలి ఆ చిన్న పట్టణములో సచివాలయమునకు చాలినన్ని భవనములు లేకపోగా గుడారములు వేసిరి. ఉద్యోగులు గుడారములలో కాపురముండి, గుడారములలో దస్త్రములు వ్రాసి, ఎండకును వానకును ఓర్చి ఒక కొత్త ప్రభుత్వమును నడపిరి. ఆ కష్టములను పరిహాసముగా చెప్పుకొనుట నేటికిని కొందరకు అలవాటు. నాకది గర్వింపదగిన చరిత్రగా తోచును. భవనములు లేకున్నను రాష్ట్రము నడచునని వారు నిరూపించిరి. ఒప్పందమును అనుసరించి హైకోర్టు 1954 జూలై 5న కోకా సుబ్బారావుగారు ప్రధాన న్యాయమూర్తిగా గుంటూరులో వెలసినది. అదే సంవత్సరము రాయలసీమలో విశ్వవిద్యాలయము వెలసినది. అయితే ఒడంబడికలో పేర్కొన్న అనంతపురములో గాక తిరుపతిలో. అనంతపురమునకు స్వంత విశ్వవిద్యాలయము 1981 వరకు రాలేదు.

1955 సెప్టెంబరులో, రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణకై నియమితమైన ఫజల్ అలీ సంఘము తన నివేదికను సమర్పించినది. విశాలాంధ్రవలన కలుగు లాభములను లెక్కించుచు, ఆంధ్రరాష్ట్రమును బాధించుచున్న శాశ్వత రాజధాని సమస్య హైదరాబాదు సికిందరాబాదు జంటనగరములవలన పరిష్కారమగునని ఆ సంఘము స్పష్టముగ పేర్కొన్నది. అయినను తెలంగాణ ప్రజల భయములను గుర్తించి, ఆ ప్రాంతమును ప్రత్యేక రాష్ట్రముగా నుంచి, 1961నాటి ఎన్నికల పిమ్మట మూడింట రెండువంతుల శాసనసభ్యులు కోరినచో విలీనము చేయవచ్చునని సిఫారసు చేసినది. ఆంధ్ర నాయకులు మొదటి భాగమును శిరసావహించి, రెండవ భాగమును ప్రక్కకు నెట్టిరి. కట్టుటకు ధనము లేని రాష్ట్రమునకు కట్టియున్న మహానగరము లభించుట ఎంత ఆకర్షణీయమో ఊహింపవచ్చును. భాషైక్యమును గూర్చిన ఆదర్శము ఎంత నిజమో, సిద్ధముగా నున్న రాజధానిపై ఆశయు అంత నిజము.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందము తెలంగాణమునకు ప్రాంతీయమండలిని, ఉద్యోగములలో స్థానికులకు రక్షణను, ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైన ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడుగా నుండు ఏర్పాటును వాగ్దానము చేసినది. నవంబరు 1న ఏర్పడిన తొలి మంత్రివర్గములోనే ఉపముఖ్యమంత్రి పదవి లేకపోయెను. ఈ ఒప్పందము కూడ శ్రీబాగ్ జాతిదే. పెద్దల మాటపై నిలిచినది, పెద్దల మాటతోనే సడలినది. ఇక రాయలసీమ సంగతి అందులో ప్రస్తావనకే రాలేదు. కర్నూలునుండి రాజధానియు, గుంటూరునుండి హైకోర్టును ఒకేసారి హైదరాబాదు చేరినవి. ఉభయుల సమ్మతితోనే షరతులు మార్చవలెనను శ్రీబాగ్ వాక్యమును ఎవ్వరును జ్ఞాపకము చేసికొనలేదు. రాజధానిని వదలుకొన్నందులకు సీమకు ప్రత్యుపకారమేమియని అడిగినవారి మాట విశాలాంధ్రోత్సాహములో వినబడలేదు.

అదే దినమున, అనగా 1956 నవంబరు 1న, దేశములో మరికొన్ని రాష్ట్రములును కొత్తరూపము దాల్చినవి. మధ్యప్రదేశమునకు భోపాలు రాజధాని కాగా హైకోర్టు జబల్పూరునకు లభించినది. కేరళకు తిరువనంతపురము రాజధాని కాగా హైకోర్టు ఎర్నాకుళములో నెలకొన్నది. రాజస్థానములో రాజధాని జైపూరున, హైకోర్టు ప్రధానస్థానము జోధపూరున ఉన్నవి. అంతకు పూర్వమే ఒరిస్సా కటకమునుండి భువనేశ్వరమునకు రాజధానిని తరలింప నిశ్చయించి, 1948లో నెహ్రూచేత శంకుస్థాపన చేయించి, హైకోర్టును కటకములోనే ఉంచి రెండు పట్టణముల గౌరవమును కాపాడుకొన్నది. ఆ రాష్ట్రములందును నగరముల నడుమ వైరములు లేకపోలేదు; కాని ప్రధానసంస్థలను పంచిపెట్టిరి, పంచినపిమ్మట కదల్పలేదు. ఇట్టి పంపకమును 1937లోనే కాగితముపై పెట్టిన మనము, 1954లో ఆచరణలో పెట్టిన మనము, 1956లో సమస్తమును ఒక్క నగరములో పోగుచేసితిమి. మన రాజధాని చరిత్రలో జరిగిన పొరపాటులలో ఇంతకంటె పెద్దది లేదని నా అభిప్రాయము.

దాని ఫలములు అర్ధశతాబ్దము వరకు అనుభవించితిమి. ప్రభుత్వరంగ పరిశ్రమలు, పరిశోధనాసంస్థలు, ఆ తరువాత ప్రైవేటు పెట్టుబడులు, సాఫ్ట్‌వేరు ఉద్యోగములు హైదరాబాదు చుట్టునే చేరినవి. విజయవాడ, విశాఖ, తిరుపతి, వరంగల్లు తమ శక్తికి తగిన స్థాయికి ఎదుగలేదు. 1969లో తెలంగాణ యువకులును, 1972లో స్థానికులకు ఉద్యోగములను ప్రత్యేకించు ముల్కీ నిబంధనలపై సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన తరువాత జై ఆంధ్ర యువకులును వీథులకెక్కినపుడు, ఉభయుల వాదనలలోను హైదరాబాదే కేంద్రబిందువు. 2009నుండి 2014వరకు రాష్ట్రవిభజనను జటిలముచేసినదియు ఆ నగరమే. సీమ విషయమునకు వచ్చినచో, శ్రీశైలము ప్రాజెక్టు జలవిద్యుత్ కేంద్రముగా ఆరంభమై కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాల గ్రామములను ముంచినది. ఆ గ్రామముల ప్రజలు ఇండ్లను వదలిపోయిరి గాని, నీటిలో ప్రథమాధికారమను శ్రీబాగ్ వాక్యము వారికి అక్కరకు రాలేదు. సీమనుండి ఇందరు ముఖ్యమంత్రులు వచ్చిరి కదాయని ఆక్షేపించువారు కలరు. సంజీవరెడ్డినుండి నేటివరకు ఆ ప్రాంతమువారు అధిష్ఠించిన పదవి గొప్పదే. కాని పదవి వ్యక్తితో వచ్చి వ్యక్తితో పోవును; ఒక ఊరిలో నిలిచిన న్యాయస్థానమో, ఒక కాలువలో పారు నీరో తరములతరబడి నిలుచును. సీమవారు కోరినది ఈ రెండవది.

2014నాటి పునర్వ్యవస్థీకరణ చట్టము ఈ చరిత్రనంతయు చక్కదిద్దుటకు లభించిన అవకాశము. హైదరాబాదు పదియేండ్లకు మించకుండ ఉమ్మడి రాజధానిగా నుండునని, ఆ పిమ్మట ఆంధ్రప్రదేశమునకు కొత్త రాజధాని యుండునని ఆ చట్టములోని అయిదవ విభాగము చెప్పినది. ఆ రాజధాని ఏదియో, ఏ పద్ధతిని నిర్ణయింపవలెనో చెప్పలేదు. స్థలపరిశీలనకై నియమితమైన శివరామకృష్ణన్ కమిటీ 2014 ఆగస్టు చివర నివేదిక నిచ్చి, ఒక్క మహానగరమునందే సర్వమును కేంద్రీకరింపవద్దనియు, విజయవాడ గుంటూరు మండలములోని సారవంతమైన పంటభూములను నగరనిర్మాణమునకు బలి చేయరాదనియు, ప్రభుత్వకార్యాలయములను ప్రాంతములకు పంచవలెననియు సూచించినది. కొలది దినములకే, సెప్టెంబరు 4న, విజయవాడ పరిసరములలో రాజధానియని ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు శాసనసభలో ప్రకటించిరి. ఆ ప్రదేశమునకు యోగ్యతలు లేవని నేననను. రాష్ట్రమునకు మధ్యస్థము, కృష్ణాతీరము, రాకపోకలకు అనువైనది. కాని పదమూడు జిల్లాల ప్రజలతో చర్చింపక, కమిటీ నివేదికను శాసనసభలో సాకల్యముగ విచారింపక, శ్రీబాగ్‌ను గూర్చి ఒక్కమాటయైనను ఆడక తొందరపడుటవలన, న్యాయముగ నెగ్గదగిన ప్రతిపాదన ఒక పక్షమువారి సొత్తుగా మారినది.

ఆ నిర్ణయమును నమ్మి త్యాగము చేసినవారు కృష్ణాతీర రైతులు. 29 గ్రామములలో సుమారు 33,000 ఎకరములను వారు భూసమీకరణ పథకము క్రింద ప్రభుత్వమున కప్పగించిరి. వీరిలో పెక్కురు ఒకటి రెండెకరముల చిన్నరైతులు. నదిని ఆనుకొనియున్న జరీబు భూములు ఏడాది పొడవునను కూరగాయలు, అరటి, పూలు పండించునవి. ఎకరమునకు మెట్టభూమియైనచో 1,000 గజముల నివాసస్థలము, 250 గజముల వాణిజ్యస్థలము; జరీబుభూమియైనచో 1,000 గజములు, 450 గజములు; పదియేండ్లు వార్షిక కౌలు: ఇవి ప్రభుత్వము వ్రాసియిచ్చిన షరతులు. రైతు తన భూమిని ధనమునకు అమ్మలేదు. రాజధాని నిర్మాణములో భాగస్వామియై, నగరము ఎదిగినచో తానును ఎదుగుననెడి ఆశతో ఇచ్చెను. నగరము ఎదుగనిచో అతనికి మిగులునది పొలమును కాదు, స్థలమును కాదు. అందుచేత ఆ సంతకము సామాన్యమైన క్రయపత్రముకంటె గంభీరమైనది. 2015 విజయదశమినాడు ఉద్దండరాయునిపాలెములో ప్రధాని మోదీ అమరావతియను ఆ రాజధానికి శంకుస్థాపన చేసినపుడు ఆ గంభీరత దేశమంతటికి తెలిసినది.

2019లో ప్రభుత్వము మారినది. డిసెంబరు మాసములో ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డిగారు విశాఖలో పరిపాలనకు, అమరావతిలో శాసనసభకు, కర్నూలులో న్యాయస్థానమునకు స్థానములను సూచించిరి. 2020 జనవరిలో శాసనసభ ఆ మేరకు బిల్లును ఆమోదించినది. శాసనమండలి దానిని సెలెక్టు కమిటీకి పంపగా, మండలినే రద్దుచేయవలెనని కొలది దినములలో సభ తీర్మానించినది. ఇంతకంటె స్పష్టముగ సంఖ్యాబలము తన స్వరూపమును చూపుట అరుదు. న్యాయపీఠము కర్నూలునకు రావలెనను కోరిక ధర్మమైనది, శ్రీబాగ్ సమ్మతమైనది. విశాఖ తన శక్తికి తగిన స్థానమును కోరుటయు న్యాయమే. కాని ఒక ప్రాంతమునకు చేసిన ద్రోహమును వేరొక ప్రాంతమునకు ద్రోహము చేసి సరిదిద్దుట సాధ్యము కాదు. భూములిచ్చిన రైతులు, ముఖ్యముగ స్త్రీలు, నాలుగేండ్లకు పైగా దీక్షలు చేసిరి. తిరుమలవరకును, ఆ తరువాత అరసవల్లి దిక్కునకును పాదయాత్రలు సాగించిరి. తరువాత శాసనరూపము దాల్చిన ఆ బిల్లును 2021 నవంబరులో ప్రభుత్వమే ఉపసంహరించుకొన్నది. 2022 మార్చి 3న హైకోర్టు, రాజధానిని మార్చు అధికారము రాష్ట్రశాసనసభకు లేదని తీర్పుచెప్పినది. నిర్మాణమునకు ఆ తీర్పు విధించిన గడువులను సుప్రీంకోర్టు నిలిపివేసినది. ఇంత జరిగినను కర్నూలునకు హైకోర్టు రాలేదు, విశాఖకు సచివాలయము రాలేదు, అమరావతి అడవిగా పెరిగినది. 2024 జూన్ 2న హైదరాబాదు ఉమ్మడి రాజధానిత్వము ముగిసినపుడు ఆంధ్రప్రదేశమునకు నిర్మాణము పూర్తియైన రాజధాని లేదు. అమరావతిని ఎన్నుకొన్నవారును దానిని కాదన్నవారును, ఉభయ నాయకులును రాయలసీమ బిడ్డలేయన్నది ఇందు గమనింపదగిన విషయము. ప్రాంతవైరము ఒక్కటే ఈ చరిత్రను నడపలేదు. పక్షవైరము అంతకంటె బలముగ నడపినది.

2024 తరువాత నిర్మాణము మరల ప్రారంభమైనది. కేంద్రబడ్జెటులో 15,000 కోట్ల రూపాయల సహాయము ప్రకటింపబడినది. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులను పునఃప్రారంభించిరి. రాజధాని పేరును పార్లమెంటు చట్టములో చేర్చవలెననెడి కోరిక న్యాయమైనది. భూమినిచ్చిన రైతునకు ఏ ఎన్నికయు కదల్పలేని రక్షణ అంతకు తక్కువదానితో లభింపదు. కాని ఆ రక్షణ ఒక్క కృష్ణాతీరమునకే లభించి తుంగభద్రాతీరమునకు లభింపనిచో, మరల ఒక 1956 ఆరంభమగును. కర్నూలులో హైకోర్టు ధర్మాసనము నెలకొల్పవలెనని 2024 నవంబరులో శాసనసభ తీర్మానించినది. తీర్మానము మంచిదే, అయితే ధర్మాసనము హైకోర్టు కాదు, తీర్మానము చట్టము కాదు. సీమవారు ఇట్టి తీర్మానములను చూచి ఎనుబదియేండ్లు దాటినది.

అమరావతిని సమర్థించు నా కోస్తా సోదరులకు ఒక మనవి. మీ రైతులకు చేసిన వాగ్దానము నిలువవలెనని మీరు ఐదేండ్లు వాదించిన ప్రతి యుక్తియు 1937 నవంబరు 16నాటి వాగ్దానమునకును వర్తించును. ఆనాడు సంతకము చేసినది మీ పెద్దలే. రాజధానికి చట్టబద్ధతను కోరు కంఠముతోనే, కర్నూలునకు ఉన్నత న్యాయస్థానమును, రాయలసీమ ఎత్తిపోతలకును కాలువలకును నికరజలముల కేటాయింపును, ఉత్తరాంధ్రకు దాని వంతు సంస్థలను అదే చట్టములో చేర్చవలెనని మీరే ముందుగ కోరవలెను. ఆ కోరిక సీమనుండి వచ్చినచో దానిని ప్రాంతీయవాదమందురు. కోస్తానుండి వచ్చినచో శ్రీబాగ్‌లో కూర్చున్న కొండా వెంకటప్పయ్య, పట్టాభిసీతారామయ్యల మాట నిలుచును.